నాలుగు వేళ్ళు కురచైన కవరాల్

ఖోర్ ఫక్కాన్

శ్రీహరి సంచిలోంచి పాత కవరాల్ తీసి బల్ల మీద పెట్టగానే, పక్క కుర్చీలోని బషీర్ బల్ల కిందనుంచి అతని కాలిని తన్నాడు. ఎదురుగా కూర్చున్న నాకు కనబడేంత గట్టిగానే తన్నాడు.

అప్పటికే బల్ల మీద ఒక కొత్త కవరాల్ ఉంది. చొక్కా, ప్యాంటు కలిపి ఒకే ముక్కగా కుట్టే పనిబట్టలను గల్ఫ్ దేశాల్లో కవరాల్ అంటారు. ముదురు నీలం గుడ్డ, వీపు మీదా చేతుల మీదా దీపం పడితే మెరిసే వెండిరంగు పట్టీలు. ఖోర్ ఫక్కాన్ ఓడరేవుకు మనుషులను పంపే ఒక కంపెనీలో కొనుగోళ్ళు చూసే ఈజిప్టు దేశస్థుడు హానీ పది నిమిషాలుగా దాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాడు. వీపు భాగాన్ని పెదవుల దగ్గర పెట్టుకుని గాలి ఊదాడు. గాలి అవతల ఉన్న అరచేతికి తగిలింది కాబోలు, "జైన్," అన్నాడు. బాగుందని. బషీర్ ముఖం విప్పారింది. సరిగ్గా అప్పుడే శ్రీహరి సంచి విప్పాడు.

హానీ పాతదాన్ని దగ్గరికి లాక్కుని కొత్తదాని మీద పరిచాడు. భుజాలకు భుజాలు కలిపాడు. పాతదాని చేతులు నాలుగు వేళ్ళు కురచగా ఉన్నాయి. మెరుపు పట్టీ ఉన్నచోటల్లా గుడ్డ ముడతలు పడి దగ్గరికి లాగేసినట్టుంది. చేతుల చివర ఎవరో గళ్ళ లుంగీ ముక్క అతికి కుట్టుకున్నారు.

"ఇది ఎవరి బట్ట?" అన్నాడు హానీ, తనకొచ్చిన హిందీలో.

"ఇదీ నాదే సాబ్. రెండూ నా మగ్గాల మీద నేసినవే," అన్నాడు శ్రీహరి.

ఆ ఒక్క మాట అతనికి ఎంత బరువైనదో తెలియాలంటే మూడు రోజులు వెనక్కి వెళ్ళాలి.

అజ్మాన్: శనివారం

ముప్పై ఏళ్ళకు పైగా దినపత్రికలో పనిచేశాను. కరీంనగర్ డెస్కులో కూర్చుని దుబాయ్ గురించి రాసిన వార్తలకు లెక్కలేదు. దొంగ వీసాలు, ఆగిన జీతాలు, పెట్టెల్లో తిరిగొచ్చిన శవాలు. ఆ దేశం మాత్రం చూడలేదు. నిరుడు జూన్‌లో, వార్తల పనిలో పరిచయమైన శ్రీహరి, "సార్, బట్ట పట్టుకొని దుబాయ్ పోతున్న," అని ఫోన్ చేస్తే, నేనూ వస్తానని టికెట్ కొనుక్కున్నాను.

శ్రీహరిది సిరిసిల్ల. యాభై దాటాడు. కుర్రతనంలో భివండీ మరమగ్గాల మీద పనిచేసి, హిందీ, అప్పు, కొంచెం నడుమునొప్పి తెచ్చుకున్నాడని తనే నవ్వుతూ చెబుతాడు. ఇప్పుడు పన్నెండు మగ్గాలున్నాయి. లంగాల గుడ్డ నేస్తాడు. దానికి గిరాకీ పడిపోతూ వస్తోంది. రెండేళ్ళ క్రితం ఒక మగ్గం మీద అచ్చు దెబ్బతింది. అచ్చంటే దువ్వెనలాంటి చట్రం, పడుగు దారాలు దాని పళ్ళ సందుల్లోంచి వస్తాయి. కొన్ని పళ్ళు వంగిపోయి ఆ సందుల్లో దారం ఎక్కకపోవడంతో గుడ్డ పొడవునా సన్నటి ఖాళీ చారలు వచ్చాయి. వ్యాపారి ఆ తాను తిప్పికొట్టాడు. పారేయడం ఇష్టంలేక శ్రీహరి భార్య లత దానితో అతనికి రెండు చొక్కాలు కుట్టింది. మే నెలలో రేకుల షెడ్డు కింద అవి వేసుకున్నాక అతనికి అర్థమైంది, వీపుకు గాలి తగులుతోందని.

తర్వాత కావాలనే ఆ చారలు నేశాడు. కత్తిరించేటప్పుడు అవి సరిగ్గా వీపు మీదా చంకల కిందా పడేలా ఎక్కడ ఎన్ని సందులు వదలాలో లెక్క వేసుకున్నాడు. జాలీ ముక్కను విడిగా తెచ్చి అతకాల్సిన పనిలేదు, గుడ్డలోనే గాలి ఉంది. అతని బావమరిది గంగారాం దుబాయ్‌లో ఉంటాడు. గంగారాం గదిలో ఉండే ఒకతను అజ్మాన్‌లోని పనిబట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరిస్తాడు. అలా ఒక ముక్క బషీర్ చేతికి చేరింది. బషీర్ ఆ ఫ్యాక్టరీ ముదీర్, అంటే మేనేజరు. కోళికోడ్ మనిషి.

షార్జాలో దిగి అజ్మాన్ చేరేసరికి మధ్యాహ్నం. కారు దిగగానే కళ్ళద్దాలు మంచు పట్టినట్టు తెల్లబడ్డాయి. ఏమీ కనబడక ఎవరిదో సైకిల్ మీద పడబోయాను. "యల్లా చాచా, ఆగే," పద బాబాయ్ ముందుకు అంటూ ఎవరో భుజం పట్టి పక్కకు జరిపారు. ఎవరో ఇప్పటికీ తెలియదు.

లాడ్జిలో స్నానానికి నీలం గుర్తున్న కుళాయి తిప్పాను. చేయి కాలింది. ఎర్ర గుర్తుది తిప్పితే గోరువెచ్చగా వచ్చింది. కింద ఉన్న మలయాళీ కుర్రాడికి చెబితే నవ్వి, ఎండాకాలం ఇక్కడ ఇంతే, డాబా మీది ట్యాంకు ఉడుకుతుంది, గీజరు ఆపేసి అందులో నిలవున్న నీళ్ళనే చల్లనీళ్ళుగా వాడుకోవాలి అన్నాడు. వింతగా తోచి నోటుపుస్తకంలో రాసుకున్నాను. శ్రీహరికి కూడా చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు గురించి తర్వాత చాలాసేపు ఆలోచించాల్సి వచ్చింది.

సాయంత్రం ఫ్యాక్టరీకి వెళ్ళాం. నలభై కుట్టుమిషన్లు ఒకేసారి తిరుగుతున్నాయి. దిర్హం పెడితే చిన్న కాగితం గ్లాసులో చిక్కటి కరక్ చాయ్ ఇచ్చే బండి గేటు దగ్గరే ఉంది. మన చాయ్‌కన్నా యాలకులు ఎక్కువ, తీపి ఇంకా ఎక్కువ. బషీర్ మాకు చాయ్ ఇప్పించి, తయారైన కవరాల్ చూపించాడు. కాలర్ లోపల ఫ్యాక్టరీ పేరుతో లేబులు ఉంది.

"ఈ ఆలోచన ఎవరిది?" అని అడిగాను, తెలియనట్టు.

"మా ఫ్యాక్టరీది సార్. ఆర్ అండ్ డీ," అన్నాడు బషీర్ తడుముకోకుండా. శ్రీహరి చాయ్ గ్లాసు అడుక్కి చూశాడు. బయటికొచ్చాక అడిగితే, "పేరు ఆయన పెట్టుకోనీ సార్. నా మగ్గాలు ఆడితె సాలు," అన్నాడు. ఈ ఆర్డరు కోసం నాలుగు మగ్గాలకు కొత్త అచ్చులు చేయించి బిగించాడట. అది రాకపోతే ఆ నాలుగింటినీ పాత ఇనుము కింద తూకానికి వేయాల్సిందేనని ముందే లతతో చెప్పి వచ్చాడు.

అంతా సవ్యంగానే ఉందని అతని నమ్మకం. జనవరిలోనే ఆరు కవరాల్స్ కుట్టించి గంగారాం గదిలోని ఆరుగురికి పనిలో వేసుకోవడానికి ఇచ్చారు. మార్చిలో బషీర్ వెళ్ళి చూసి, అన్నీ బాగున్నాయని కబురు పంపాడు. మంగళవారం ఖోర్ ఫక్కాన్‌లో హానీకి చూపించడమే మిగిలింది.

అల్ కుసైస్: ఆదివారం

ఆదివారం సెలవు. దుబాయ్‌లోని అల్ కుసైస్‌లో గంగారాం ఉండే కార్మికుల క్యాంపుకు మామిడికాయ తొక్కు సీసా పట్టుకుని వెళ్ళాం. దారిలో మూత వదులై నూనె నా సంచిలోకి కారి, నోటుపుస్తకం సగం పేజీలు ఎర్రబడ్డాయి. గదిలోకి వెళ్ళగానే ఆ వాసనకు ఆరు మంచాల మీదినుంచి ఆరు తలలు లేచాయి.

గంగారాంది జగిత్యాల దగ్గర పల్లె. ఇనుప చట్రాలు చేసే షెడ్డులో వెల్డింగు పని. శ్రీహరిని చూడగానే, "ఏం బావా, బట్టల సేటువైనవట గద!" అని చేతులు రెండూ ముందుకు చాచాడు. "సూడు. ఇది నాకు కుట్టిచ్చినవా, నా కొడుక్కు కుట్టిచ్చినవా?"

సెలవురోజైనా మాకు చూపించడానికే ఆ కవరాల్ వేసుకుని కూర్చున్నాడు. చేతులు మణికట్టు పైనే ఆగిపోయాయి. చివర్న లుంగీ ముక్క. పని దగ్గర చేయి కనబడితే నిప్పురవ్వలు పడతాయని సేఫ్టీవాడు రెండుసార్లు వెనక్కి పంపాడట. అందుకని తనే లుంగీ చింపి కుట్టుకున్నాడు. గదిలో అందరూ నవ్వారు. శ్రీహరి నవ్వలేదు. మంచం అంచున కూర్చుని ఆ చేతిని రెండు వేళ్ళతో పట్టుకుని దారాలను చూస్తూ ఉండిపోయాడు.

"ఎప్పటిసంది గిట్లయింది?"

"మొన్న ఎండలు ముదిరినంక. మార్చిల మంచిగనే ఉండె. ఆ మలబారు బషీర్ అచ్చినప్పుడు సుత మంచిగనే ఉండె."

"మరి ఫోన్ల చెప్పకపోతివి?"

"చెప్తె నువ్వు పరేషాన్ అయితవు. మా అక్క నన్ను తిడ్తది. చేతులు పోతె పోయినయి గని ఈపు సల్లగుంటది బావా. షెడ్డుల అందరు నన్నే సూస్తరు."

"ఎట్ల పిండుతున్నరు? మసలవెట్టిన నీళ్ళల్ల ఏస్తున్నరా?"

"మసలవెట్టుడా! ఈడ పొయ్యి మీద అన్నం అండుకునుటానికే తీరది. చల్లనీళ్ళల్లనే నానేస్తం."

"చల్లనీళ్ళల్ల ఇంత లాగది," అన్నాడు శ్రీహరి. అతని గొంతు కొంచెం లేచింది. "ఇంటికాడ ఇరవైసార్లు పిండి చూసిన. బోరు నీళ్ళల్ల."

"నేనేమన్న అబద్ధమాడుతున్ననా? రా, చూపిస్త."

బట్టలుతికే చోటుకు తీసుకెళ్ళాడు. వరసగా బకెట్లు, గోడకు కుళాయిలు. సబ్బుపొడి వేసి ఆ కుళాయి కింద బకెట్ పెట్టి, పనికి వెళ్ళొచ్చేదాకా బట్టలు నానబెట్టడం అక్కడి పద్ధతి. "చెయ్యి పెట్టి సూడున్రి సార్," అన్నాడు నాతో. పెట్టి, వెంటనే లాక్కున్నాను. లాడ్జిలో మొదటిరోజు కాలినంతే కాలింది.

శ్రీహరి నావైపు చూశాడు. నేను అతనివైపు చూశాను. ముందురోజు నవ్వుకున్న కుళాయి ఇదే. దారాల సంగతి పుట్టుకతో తెలిసినవాడు, ఎదుటివాణ్ణి ప్రశ్నించడమే వృత్తిగా బతికినవాడు, ఇద్దరం ఆ నీళ్ళతోనే స్నానం చేసి కూడా ఆ కుళాయినీ ఈ గుడ్డనూ కలిపి ఆలోచించలేదు. వాళ్ళు చల్లనీళ్ళని అలవాటుగా పిలిచేవి మే వచ్చేసరికి చల్లనీళ్ళు కావు. మార్చిలో చూసినవాడికి అది తెలిసే వీలు లేదు.

మిగతా అయిదు కవరాల్స్ కూడా తెప్పించి చూశాడు. అన్నీ అంతే.

పప్పుచారు, వేయించిన ఎండుచేపలు, మేము తెచ్చిన తొక్కుతో భోజనం పెట్టారు. శ్రీహరి నాలుగు ముద్దలు తిని లేచాడు. గంగారాం కవరాల్ తనకిచ్చి కొత్తది తీసుకోమన్నాడు. గంగారాం ఒప్పుకోలేదు. కొత్తది గరుకుగా ఉంటుందట, ఇది ఒంటికి అలవాటైందట. చివరికి, "మంగళారం పొద్దుగూకేదాకనే. బుధారం డ్యూటీకి నాకు గావాలె. ఖలాస్," అని ఒట్టు వేయించుకుని విప్పి ఇచ్చాడు.

అజ్మాన్, మళ్ళీ: సోమవారం

పొద్దున్నే శ్రీహరి ఒక కొత్త కవరాల్‌ను లాడ్జి బకెట్లో, నీలం గుర్తు కుళాయి కింద నానబెట్టాడు. డాబా మీద ఆరేస్తే ముప్పావుగంటలో ఎండింది. మళ్ళీ నానబెట్టాడు. మధ్యాహ్నానికి మూడుసార్లయింది. రెండు వేళ్ళు తగ్గింది. టేపు మడిచి జేబులో పెట్టుకుని, "చేతులు ఒకటి, పట్టీ ఒకటి సార్. రెండు తప్పులున్నయి," అన్నాడు. గుడ్డ కుంచించుకుపోతోంది, మెరుపు పట్టీ కుంచించుకోవడం లేదు. అందుకే ముడతలు.

పట్టీ ఎవరిస్తారో వెతుక్కుంటూ పారిశ్రామిక ప్రాంతంలో ఒక ఇరుకు దుకాణానికి వెళ్ళాం. పెషావర్ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన ముసలాయన. అందరూ ఖాన్ చాచా అంటారు. మేము ఎవరమో అడగకముందే చిన్న గిన్నెల్లో పచ్చటి కహ్వా, పాలు లేని టీ, పోశాడు. మన దగ్గర కొట్టుకు వెళితే ముందు ఏం కావాలని అడుగుతారు, అక్కడ ముందు కూర్చోమంటారు.

ముసలాయన గంగారాం కవరాల్ ఒళ్ళో పరుచుకుని ముడతల మీద వేలు నడిపాడు. "పట్టీ నాదే. బట్ట ఎవరిది?"

"నాది చాచా."

ముసలాయన అతన్ని తలనుంచి కాలిదాకా చూశాడు. "ఇన్నేళ్ళుగా దుకాణం నడుపుతున్నాను. బట్ట నేసినవాడు నా మెట్లెక్కడం ఇదే మొదటిసారి. బట్ట ఓడలో వస్తుంది, నేను పట్టీ పంపుతాను, వాళ్ళు కుడతారు. ఎవరి మొహం ఎవరూ చూడరు. నన్ను అడిగేది ఒకటే, కిత్నే కా హై, ఎంతకిస్తావని!"

లోపలికి వెళ్ళి మరో చుట్ట తెచ్చాడు. ఆ పట్టీ ఏకంగా లేదు. చేప పొలుసుల్లా ఏటవాలు ముక్కలు, మధ్యలో సన్నటి ఎడం. కుట్టక్కర్లేదు, వేడిగా అదిమితే గుడ్డకు అంటుకుంటుంది. గుడ్డ ఎంత కుంచించుకుపోతే ముక్కలు అంత దగ్గరికి జరుగుతాయి, ముడత పడదు. మా కళ్ళముందే శ్రీహరి తెచ్చిన గుడ్డ ముక్క మీద అదిమి, వేడినీళ్ళలో ముంచి, పిండి చూపించాడు. నునుపుగా ఉంది. ఇది ఎప్పటినుంచి ఉందని అడిగితే మూడేళ్ళయిందన్నాడు. ఎవరికైనా చెప్పారా అంటే, "ఎవరడిగారు?" అన్నాడు.

శ్రీహరి ముఖం క్యాంపు నుంచి వచ్చాక మొదటిసారి తేటపడింది. అది ఎంతోసేపు నిలవలేదు. చేతులు కురచ కావడం పట్టీతో తీరదు. గుడ్డను ముందే వేడి ఆవిరితో కుదించి పంపే యంత్రం ఉండాలి. పెద్ద మిల్లుల్లో ఉంటుంది. "నీ దగ్గర ఉందా?" అన్నాడు చాచా. శ్రీహరి లేదన్నట్టు తల ఊపాడు. ముసలాయన కహ్వా గిన్నె అతనివైపు జరిపి, గొంతు తగ్గించి చెప్పాడు: "మరి జాగ్రత్త బేటా. యంత్రం ఉన్నవాడికి ఈ చారలు ఒక్కసారి కనబడితే చాలు."

కొండల దారి: మంగళవారం

పొద్దున్నే బషీర్ కారులో బయలుదేరాం. కుళాయి సంగతి, చాచా పట్టీ సంగతి శ్రీహరి రాత్రే అతనికి ఫోన్‌లో చెప్పాడు. ఎడారి పోయి కొండలు వచ్చాయి. పచ్చటి ఆకు ఒక్కటీ లేని రాతి కొండలు. వాటి కడుపులోంచి సొరంగాలు. కారు సొరంగంలోకి వెళ్ళినప్పుడల్లా బషీర్ మాట ఆగేది, వెలుగులోకి రాగానే మళ్ళీ మొదలయ్యేది.

"శ్రీహరి భాయ్, కొత్తది ఒక్కటే చూపిద్దాం. పట్టీ మార్చేద్దాం, ఆ ముసలాయన మంచి మాట చెప్పాడు. చేతులు కొంచెం పొడుగ్గా కత్తిరిద్దాం. ముందు ఆర్డర్ రానీ."

"కాళ్ళు సుత లాగుతయి. నడుం లాగుతది. ఎన్ని పొడుగు చేస్తం?"

"ఎండాకాలం మూడు నెలలే కదా."

"మూడు నెలలకే గద ఈ బట్ట చేసింది."

బషీర్ చెడ్డమనిషి కాదు. నలభై మంది కుట్టేవాళ్ళకు పని చూపాల్సినవాడు. కాసేపాగి స్టీరింగ్ మీద వేళ్ళు ఆడిస్తూ అన్నాడు: "నువ్వు ఆ పాతది చూపిస్తే, హానీ ముందడిగేది యంత్రం గురించే. లేదని నువ్వంటావు. అప్పుడు నేను యంత్రం ఉన్న మిల్లు వెతుక్కోవాలి. డిజైన్ నా దగ్గరా ఉంది భాయ్. కోపం తెచ్చుకోకు, జరిగేది చెబుతున్నా."

తర్వాత సొరంగం పొడుగ్గా ఉంది. బయటికి వచ్చేసరికి దూరాన సముద్రం కనిపించింది. శ్రీహరి పాత కవరాల్ ఉన్న సంచి ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

బల్ల దగ్గర

హానీ లుంగీ ముక్క మీద వేలు పెట్టాడు. ఎలా జరిగిందని అడిగాడు. శ్రీహరి కుళాయి సంగతి, బకెట్ సంగతి, మార్చి సంగతి దాచకుండా చెప్పాడు. చాచా పట్టీ అదిమిన ముక్క తీసి చూపించాడు.

"కుదించే యంత్రం ఉందా?"

"లేదు సాబ్. హైదరాబాద్‌ల ఎక్కడనన్న చేయిచ్చి పంపుత. కొంచెం టైం గావాలె."

బషీర్ వెంటనే ముందుకు వంగాడు. "యంత్రం ఉన్న మిల్లు నాకు తెలుసు సార్. ఇదే గుడ్డ, ఇవే చారలు. నెల రోజుల్లో శాంపిల్."

శ్రీహరి అతనివైపు తిరిగి చూశాడు. అంతే. నేను చాలా కోర్టు హాళ్ళలో కూర్చున్నాను, అలాంటి చూపు ఒకటి రెండుసార్లే చూశాను.

హానీ రెండు కవరాల్స్ మడిచి పక్కన పెట్టుకున్నాడు. "రెండూ నా దగ్గర ఉంచండి."

"పాతది ఇయ్యలేను సాబ్," అన్నాడు శ్రీహరి. "దాని మనిషి రేపు పనికి ఏసుకోవాలె. తిరిగిస్తనని ఒట్టు పెట్టి తెచ్చిన."

"ఇదా? చేతుల్లేని దీన్నా? ఇంకా వేసుకుంటాడా?"

"కొత్తది ఇస్తె తీసుకోలేదు సాబ్."

హానీ మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. పాత కవరాల్ మళ్ళీ విప్పి, వీపు భాగాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, చాలాసేపు చూశాడు. ఎన్ని ఉతుకులయ్యాయని అడిగాడు. శ్రీహరి తెలియదన్నాడు. హానీ ఏదో అరబ్బీలో రాసుకుని, కవరాల్ శ్రీహరికి తిరిగి ఇచ్చాడు. ఎండాకాలం అయ్యాక కబురు చేస్తానన్నాడు.

బయట రేవులో కంటైనర్ల పక్కన మధ్యాహ్నపు ఎండలో మనుషులు నీడకోసం వరసగా గోడకు ఆనుకుని కూర్చున్నారు. అందరి వీపులూ చెమటతో నల్లగా తడిసి ఉన్నాయి. శ్రీహరి ఒక నిమిషం ఆగి వాళ్ళ బట్టలనే చూశాడు. తిరుగుదారిలో అల్ కుసైస్ దగ్గర ఆగి, చెప్పిన వేళకు కవరాల్ గంగారాంకు ఇచ్చేశాడు.

తర్వాత

మేము తిరిగొచ్చి చాలా నెలలైంది. హానీ రెండు శాంపిళ్ళు అడిగాడు, ఒకటి శ్రీహరి దగ్గర, ఒకటి బషీర్ చెప్పిన మిల్లు దగ్గర. శ్రీహరి తన గుడ్డను హైదరాబాద్‌లో కుదింపు చేయించి పంపాడు. దాని మీద ఖాన్ చాచా పట్టీయే ఉంది. రెండోదాని మీద కూడా చాచా పట్టీయే ఉందని గంగారాం గదిలోని కత్తిరింపు మనిషి చెప్పాడు. చారలు కూడా అవేనట. ఎండాకాలం అయిపోయింది, మరొకటి దగ్గరపడుతోంది.

మొన్న సిరిసిల్ల వెళ్ళాను. ఎనిమిది మగ్గాలు లంగాల గుడ్డ నేస్తున్నాయి. మిగతా నాలుగింటికి ఖాళీ సందుల అచ్చులు బిగించే ఉన్నాయి. వాటిని శ్రీహరి విప్పలేదు, తూకానికి వేయలేదు. పడుగు కూడా ఎక్కించలేదు. ఖోర్ ఫక్కాన్ నుంచి ఇంకా ఫోన్ రాలేదు.